ఆ బిళ్ళ వల్ల కాదు

జలుబు బిళ్ళలు మింగి కడుపు పోగొట్టుకుందని ఒక అమ్మాయి మీద నింద వేశారు. ఆ నింద అన్యాయం. అన్యాయమని చెప్పగలిగినవాళ్ళు ఉన్నారు, చెప్పలేదు. ఏడాది పైచిలుకు ఆ పిల్ల దాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగింది.

ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, మొదట్నించీ వరసగా చెప్పుకొస్తే మీలో సగంమంది మధ్యలోనే తీర్పు ఇచ్చేస్తారు. "వేసుకోకుండా ఉండాల్సింది" అంటారు. కౌంటరు ఇవతల నిలబడి ఆ మాట ఎంతమంది నోట విన్నానో నాకే లెక్క లేదు. మీరు కొత్తగా మందుల షాపుల్లో చేరుతున్నవాళ్ళు. మీకోసమే రాస్తున్నాను. చదివి మారిపోతారన్న ఆశ పెద్దగా లేదు గానీ, రాయకుండా ఊరుకుంటే నాకే నిద్రపట్టేట్టు లేదు.

పటమటలో ఒక మందుల షాపులో పనిచేస్తూ ముసలివాణ్ణయ్యాను. అట్టపెట్టెలు మోయడానికి చేరాను. బళ్ళో చదువు సాగలేదు. మందు డబ్బాల్లో మడతలు పెట్టి ఉంచే సన్నకాయితాలు ఉంటాయి చూడండి, చీమతలకాయంత అక్షరాలతో, అవే నా పాఠాలు. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేవాణ్ణి. షాపులో అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. మా పాత ఓనరు పోయాక ఆయన కొడుకు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. అతను కూడా "పెద్దాయనా, ఇవాళ ఏ పరీక్ష?" అనేవాడు.

ఆ కాయితాల్లో గర్భిణుల గురించి ఎప్పుడూ ఒకటే వాక్యం. అవసరమైతేనే, డాక్టరు సలహా మీదే వాడాలి. ఎన్ని కంపెనీలున్నాయో అన్నీ అదే రాస్తాయి. అది రోగికి చెప్పే మాట కాదు, చేతులు దులుపుకునే మాట. వేసుకోవచ్చా వద్దా అని ఒక ఆడమనిషి కౌంటరు ముందు నిలబడి అడిగితే, కాయితం డాక్టరు వైపు చూపిస్తుంది. డాక్టరు దగ్గర జనం వీధిదాకా ఉంటారు. ఇంట్లో పెద్దావిడ "అన్నీ మానెయ్" అంటుంది. పక్కింటావిడ "నేను వేసుకున్నాను, నాకేం కాలేదు" అంటుంది. ఫోన్లో ఎవడో వీడియో పెడతాడు. నిర్ణయం మాత్రం ఎవరూ తీసుకోరు. చివరికి నీళ్ళగ్లాసు పట్టుకుని ఒంటరిగా నిలబడేది ఆ ఆడమనిషి.

ఇక మా షాపు పద్ధతి. జలుబు సెట్టు అని ఒకటి ఉంటుంది. మీకు తెలియందేం కాదు. జ్వరం, ముక్కుదిబ్బడ, తుమ్ములు, మూడింటికీ కలిపి ఉండే బిళ్ళ ఒకటి, దగ్గుకి ఒకటి, గ్యాసుకి ఒకటి. స్ట్రిప్పుల్ని కత్తెరతో కత్తిరించి చిన్న కాగితం కవర్లో వేసి, దానిమీద పొద్దున, రాత్రి అని గీతలు పెట్టి ఇచ్చేస్తాం. "బాబాయ్ గారూ, జలుబు సెట్టు ఒకటి" అనగానే చెయ్యి దానంతటదే కత్తెర మీదికి పోతుంది. ఎవరికి అని అడిగే అలవాటు మాకు లేదు.

అడిగే అలవాటు చేసింది మా ఫార్మసిస్టు అమ్మాయి. గోడకి వేలాడే సర్టిఫికెట్టు ఒకరిది, కౌంటర్లో నిలబడేది ఇంకొకరు అనే బాపతు షాపులు మీరు చూసే ఉంటారు. మాది కూడా కొన్నాళ్ళు అలాగే నడిచింది. తర్వాత ఓనరుకి ఏ భయం పట్టుకుందో, చదువుకున్న అమ్మాయిని తెచ్చి పెట్టాడు. వచ్చిన వారంలోనే ఆ పిల్ల జలుబు సెట్టు అడిగినవాళ్ళందర్నీ నిలబెట్టి అడగడం మొదలెట్టింది. "ఎవరికండీ? బీపీ ఉందా? ఇంట్లో ఆడవాళ్ళకైతే, ఏమన్నా విశేషమా?"

మగవాళ్ళు మొహాలు ముడుచుకునేవాళ్ళు. ఒకాయనైతే, "ఏమ్మా, బిళ్ళలిస్తావా, పెళ్ళిచూపులు చూస్తావా?" అన్నాడు.

"బిళ్ళలే ఇస్తానండీ. ఎవరికో చెబితే."

"నాకే!"

"మీకు విశేషం లేదని నాకు తెలుసు లెండి," అంది. షాపంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. కానీ అందరూ నవ్వరు. అందరూ నిజం చెప్పరు.

మనవాళ్ళలో నెల తప్పిన సంగతి మూడోనెల నిండేదాకా గడప దాటనివ్వరు. దిష్టి అంటారు. నలుగురి నోళ్ళలో పడితే నిలబడదంటారు. మందుల విషయంలో అందరికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఆ మూడు నెలలే. ఆ మూడు నెలలే నోరు కట్టేసుకుంటారు. ఈ రెండూ ఇలా ఎదురెదురు పడటం ఎవరూ కావాలని చేసింది కాదు. కానీ ఎంతమంది మీద పడిందో.

నేను మొదట చెప్పిన అమ్మాయి మొగుడు కుర్రాడే, ఆటోనగర్లో లారీ విడిభాగాల షాపు. కుటుంబం కొల్లేటి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. వాళ్ళ నాన్న చేపల వ్యాపారం చేసి పోయాడు, తల్లి ఆ వ్యాపారాన్ని ఒంటిచేత్తో నడిపి కొడుకుని నిలబెట్టింది. మా షాపు వెనక సందులో ఇల్లు. పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. ఒకరోజు గ్రీజు చేతులతోనే వచ్చి జలుబు సెట్టు అడిగాడు.

మా ఫార్మసిస్టు అడిగింది. "ఎవరికండీ?"

"మా అమ్మకి."

"బీపీ ఉందా ఆవిడకి?"

"లేదండీ. గుండ్రాయిలా ఉంటుంది."

నేనే కత్తిరించి ఇచ్చాను. ఆవిడకి ఇచ్చే లెక్కనే ఇచ్చాను. అవి వేసుకుంది వాళ్ళావిడ. ఆ పిల్లకి అప్పటికి రెండోనెల. ఎవరికీ చెప్పొద్దని తల్లి గట్టిగా ఒట్టు వేయించుకుంది కాబట్టి కుర్రాడు అమ్మ పేరు చెప్పాడు. మందుల షాపు కూడా ఊళ్ళో లెక్కేనని అతననుకున్నాడు. డాక్టరుకి దాయకూడదని తెలుసు గానీ, షాపువాడికి చెప్పాలని ఎవరు నేర్పారు అతనికి?

కొద్దిరోజులకే కడుపు పోయింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ, ఈమధ్య మందులేమన్నా వాడారా అని అడిగితే కుర్రాడు జేబులోంచి మా కవరు తీసి చూపించాడట. ఆవిడ చూసి, "ఎవర్ని అడిగి వేసుకున్నారమ్మా ఇవి?" అంది. అంతే. ఆవిడ అన్నది ఆ ఒక్క ప్రశ్నే. తర్వాతి పేషెంటుని పిలిచేశారు. కానీ ఆ ప్రశ్న ఇంటికి చేరేసరికి తీర్పయిపోయింది.

మర్నాడు పొద్దున్నే అత్తగారు మా షాపు మెట్లెక్కింది. నిండా జనం ఉన్నారు.

"ఏవండీ, ఇవేనా మీరు అమ్మే మందులు?" అని కవరు కౌంటరు మీద కొట్టింది. "మనుషుల్ని బతికించడానికి షాపు పెట్టారా, చంపడానికి పెట్టారా?"

ఫార్మసిస్టు అమ్మాయి నిదానంగానే చెప్పింది. "అమ్మా, మీకని చెప్పి తీసుకెళ్ళారండీ. మేం అడిగాం."

"అడగ్గానే చెప్పేస్తారా అండీ ఎవరైనా? ఇంట్లో సంగతులన్నీ బజార్లో చెప్పుకుంటారా?" ఫోను తీసి చూపించింది. అందులో తెల్లకోటు వేసుకున్న వాడెవడో జలుబు బిళ్ళలు కడుపులో బిడ్డని చంపేస్తాయని అరుస్తున్నాడు. "ఇదిగో, వినండి. లోకానికంతా తెలుసు. మీకు తెలీదు, దానికి తెలీదు. ముక్కు కారితే కారనివ్వొచ్చుగా. నాలుగు రోజులు ఓర్చుకోలేకపోయింది మహారాణి."

దానికి, అంటే కోడలికి. ఆ మాట నాకు అక్కడే గుచ్చుకుంది. బిళ్ళలిచ్చిన మమ్మల్ని తిట్టి వెళ్ళిపోతుంది. ఆ పిల్ల ఆ ఇంట్లోనే ఉండాలి.

నేను ఏదో అనబోయాను. ఓనరు నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు. "పెద్దాయనా, మనకెందుకు? అరిచి అరిచి ఆవిడే పోతుంది." ఆవిడ పోయింది. ఆ మధ్యాహ్నానికే ఓనరు బోర్డు రాయించి కౌంటరు మీద పెట్టాడు. గర్భిణీ స్త్రీలకు డాక్టరు చీటీ లేనిదే ఎటువంటి మందూ ఇవ్వబడదు.

చూడ్డానికి ఎంతో బాధ్యతగా ఉంది కదా. నాకు ఒళ్ళు మండింది. ఆ బోర్డు పెట్టడమంటే, అవునమ్మా నువ్వన్నదే నిజం, బిళ్ళ వల్లే పోయింది అని సంతకం పెట్టినట్టు. ఆ సందులోవాళ్ళంతా అలాగే చదువుకున్నారు. పైగా ఓనరుకి ఏ మందు ఏమిటన్న తేడా లేదు. ఒక టీచరుగారు ఏడోనెలతో ఎండలో నడిచొచ్చి ఓఆర్ఎస్ ప్యాకెట్ అడిగితే, చీటీ తెమ్మన్నాడు. ఆవిడ బోర్డు వైపు చూసి, "కొబ్బరినీళ్ళు తాగడానిక్కూడా చీటీ రాయించుకోవాలాండీ?" అని వెళ్ళిపోయింది.

ఆవిడ అరిచి వెళ్ళిన రోజే, మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఫార్మసిస్టు అమ్మాయిని అడిగాను. "నిజం చెప్పమ్మా. ఆ బిళ్ళ వల్లేనా?"

ఆ పిల్ల అన్నం డబ్బా మూత పెట్టేసి చెప్పింది. "బాబాయ్ గారూ, అందులో జ్వరానికుండే మందు డాక్టర్లు కడుపుతో ఉన్నవాళ్ళకి రాసేదే. తుమ్ములది కూడా డాక్టరుని అడిగి వాడుకోవచ్చు. ముక్కుదిబ్బడకి కలిపింది మాత్రం తొలినెలల్లో వద్దంటారు. అది రక్తనాళాల్ని బిగిస్తుంది. నాకు తెలిసి ఉంటే ఇవ్వనిచ్చేదాన్ని కాదు. కానీ వేసుకోకూడదు అనేది వేరు, వేసుకోబట్టే పోయింది అనేది వేరు. తొలినెలల్లో ఎన్నో వాటంతటవే నిలబడవు. ఎవరేం చేసినా, చేయకపోయినా."

"మరి పొద్దున ఆవిడకి ఈ మాట చెప్పలేదేం?"

"ఆవిడ వినడానికి వచ్చిందాండీ?"

అదీ నిజమే. కానీ కోపం పోలేదు. ఇంత చదువుకున్న పిల్లకీ తెలుసు, అంతకంటే చదువుకున్న డాక్టరమ్మకీ తెలుసు. తెలిసిన సంగతి ఆస్పత్రిలోనే ఉండిపోయింది, తెలియని సంగతి మాత్రం ఇంటింటికీ తిరిగింది.

ఆ తర్వాత ఆ ఇంటి కోడలుపిల్లని రోడ్డు మీద చూసేవాణ్ణి. మా షాపు వచ్చేసరికి అటు పక్కకి దాటిపోయేది. వర్షమొచ్చినా, ఎండకాసినా, లారీలు అడ్డమున్నా సరే. ఇటువైపు నడవటానికి కూడా భయపడేలా చేశారు. రెండుమూడుసార్లు పిలుద్దామనుకున్నాను. పిలిచి ఏం చెప్పను? అమ్మినవాడి మాట ఎవరు నమ్ముతారు?

మరుసటి ఏడు వానలు పట్టిన వారంలో ఆ కుర్రాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి థర్మామీటరు అడిగాడు. మేం అడక్కుండానే, జనం వింటున్నా సరే, చెప్పేశాడు. "మా ఆవిడకి అయిదోనెలండీ. జలుబు చేసి జ్వరం పట్టుకుంది. ఒళ్ళు పేలిపోతోంది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే జ్వరానికి బిళ్ళ వేసుకోమని చెప్పింది. బిళ్ళ ఇంట్లో ఉంది. వేసుకోదు. రెండ్రోజుల్నించీ బతిమాలుతున్నాం."

ఫార్మసిస్టు మొహం మారిపోయింది. "కడుపుతో ఉన్నప్పుడు అంత జ్వరాన్ని వదిలెయ్యకూడదండీ. బిళ్ళకంటే అదే ప్రమాదం. వెంటనే తీసుకెళ్ళండి."

"రానంటోందండీ. బాబాయ్ గారూ, మీరొకసారి వస్తారా? పెద్దవారు."

షాపు వదిలి వెళ్ళాను. ఓనరు ఏదో అన్నాడు, వినలేదు.

ఆ పిల్ల మంచం మీద దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. ముక్కుతో ఊపిరాడక నోటితో పీలుస్తోంది. అత్తగారు పక్కన స్టూలు మీద కూర్చుని ఒక చేతిలో బిళ్ళ, ఒక చేతిలో గోరువెచ్చటి నీళ్ళు పట్టుకుని ఉంది. నా కళ్ళతో నేను చూడకపోతే నమ్మను. అప్పుడు బిళ్ళ మింగిందని తిట్టిన మనిషే ఇప్పుడు మింగమని ప్రాధేయపడుతోంది.

"వేసుకోవే తల్లీ. డాక్టరు చెప్పిందేగా."

"వద్దత్తయ్యా."

నేను దగ్గరికి వెళ్ళాను. "అమ్మాయ్, ఇది ఆ సెట్టు కాదమ్మా. ఉత్త జ్వరం బిళ్ళ. డాక్టరమ్మ చెప్పిందే."

ఆ పిల్ల గోడవైపు నుంచి ఇటు తిరిగింది. మొదటిసారి దగ్గర్నించి చూశాను. చిన్నపిల్ల.

"అదీ మీరిచ్చిందే కదండీ బాబాయ్ గారూ. ఇచ్చేటప్పుడు అందరూ ఇస్తారు. పోయాక మాత్రం మింగింది ఎవరంటారు. రేపు ఇది కూడా పోతే, మళ్ళీ నన్నే అంటారు. జ్వరంతో పోతే కనీసం నేనేం చేయలేదని చెప్పుకోవచ్చు."

దానికేం చెబుతారు మీరు? మందు గురించి ఆ పిల్లకి భయం లేదు. నింద గురించి భయం. ఆ భయానికి మా అరల్లో ఎక్కడా మందు లేదు.

నేను అత్తగారి వైపు తిరిగాను. "అమ్మా, పోయినసారి నీ తప్పు కాదని మీరొక్క మాట అనండి. వేసుకుంటుంది."

ఆవిడ నా మొహంలోకి చూసింది. బిళ్ళని స్టూలు మీద పెట్టి, నీళ్ళగ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెలు కదిలించే చప్పుడు. బయటికి రాలేదు. నేను మళ్ళీ అడిగాను, కాస్త గట్టిగానే. గిన్నెల చప్పుడు ఇంకాస్త పెరిగింది.

కుర్రాడు ఆటో తెచ్చాడు. నేను మంచం పక్కన కూర్చుని చెప్పాను. "అమ్మా, నేను మందులమ్మేవాణ్ణి. నా మాట నమ్మక్కర్లేదు. ఆ డాక్టరమ్మనే అడుగుదాం. ఆ బిళ్ళ వల్లేనా, కాదా అని. నీ ఎదురుగానే అడుగుతాను. ఆవిడ అవునంటే నువ్వు మందు వేసుకోకు, నేను కూడా ఇక ఒక్క మాట మాట్లాడను." ఆ పిల్ల లేచి కూర్చుంది. అత్తగారు కూడా చెప్పులేసుకుని ఆటోలో ఎక్కింది, ఎవరూ పిలవకుండానే.

ఆస్పత్రిలో కౌంటరు దగ్గరమ్మాయి టోకెన్లు అయిపోయాయి, సాయంత్రం రమ్మంది. అప్పుడు నేను అరిచాను. ఉద్యోగంలో ఎప్పుడూ అరవని వాణ్ణి. "ఇంత జ్వరంతో అయిదోనెల మనిషిని వెనక్కి పంపిస్తారా? సాయంత్రం దాకా ఈ పిల్లకి ఏమన్నా అయితే అప్పుడు కూడా ఎవర్ని అడిగి వేసుకున్నారమ్మా అని అడుగుతారా?" అక్కడున్న గర్భిణులంతా నా వైపు చూశారు. ఒకావిడ తన టోకెను ఇచ్చేసింది.

డాక్టరమ్మ అలిసిపోయి ఉంది. తప్పు పట్టడానికి కూడా మనసొప్పని అలసట. నేను మాట ఎత్తగానే మాత్రం కళ్ళెర్రజేసింది. "నేనెప్పుడన్నానండీ బిళ్ళ వల్ల పోయిందని?"

"మీరనలేదు మేడం. ఎవర్ని అడిగి వేసుకున్నారు అని అడిగి పంపించేశారు. ఆ ప్రశ్నే వీళ్ళింట్లో తీర్పయింది. ఆ బిళ్ళ వల్ల కాదని ఒక్క మాట చెప్పండి చాలు."

"అలాగని అది మంచిదని మాత్రం చెప్పను. ముక్కుదిబ్బడ మందు తొలినెలల్లో వద్దు. మీరు అమ్మేటప్పుడు అడగాలి."

"అడిగామండీ. వాళ్ళమ్మకని చెప్పాడు."

కుర్రాడు నేల చూశాడు. అత్తగారు గోడ మీద బొమ్మ చూసింది. డాక్టరమ్మ ఆ ముగ్గురినీ ఒకసారి చూసింది. ఏం జరిగిందో అప్పుడు అర్థమైనట్టుంది. కుర్చీ జరుపుకుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఇలా చూడమ్మా. అది వేసుకోకపోతే బాగుండేది. ఇకముందు అడక్కుండా వేసుకోకు. కానీ ఆ నాలుగు బిళ్ళల వల్ల నీ కడుపు పోలేదు. అలా అనడానికి ఏ ఆధారమూ లేదు. తొలినెలల్లో చాలామందికి ఇలాగే పోతుంది. పిండమే సరిగా కుదరదు. తల్లి పరిగెత్తినా, పడుకున్నా, ఏం తిన్నా, అది ఆగదు. నువ్వు చేసిన తప్పు ఏదీ లేదు."

ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "మరి ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదు మేడం?"

డాక్టరమ్మ తలుపు వైపు చూసింది. అవతల జనం చప్పుడు వినబడుతోంది. "నువ్వు అడగలేదమ్మా," అంది ముందు. తర్వాత తనే తల అడ్డంగా ఊపింది. "నేను చెప్పాల్సింది."

నేను ఇన్నేళ్ళలో ఎంతోమంది డాక్టర్లని చూశాను. ఆ చివరి మాట మాత్రం ఒక్కావిడ నోటే విన్నాను. ఆవిడ మీద నా కోపం అక్కడితో పోయిందని చెబితే అబద్ధం. సగం పోయింది.

బిళ్ళ అక్కడే వేసుకుంది. డాక్టరమ్మ టేబుల్ మీదున్న సీసాలో నీళ్ళతో. పరీక్షలు చేసి సాయంత్రం దాకా అక్కడే ఉంచారు. ముక్కుకి ఉప్పునీటి చుక్కలు, ఆవిరి, మంచినీళ్ళు. జ్వరం దిగింది. బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తే ఆ కుర్రాడు బయటికొచ్చి గోడకానుకుని ఏడ్చాడు. "అమ్మకని చెప్పకుండా ఉండాల్సింది బాబాయ్ గారూ," అన్నాడు. అతని భుజం మీద చెయ్యి వేశాను.

మర్నాడు ఫార్మసిస్టు అమ్మాయి ఓనరుని అడక్కుండానే పాత బోర్డు తీసేసి, తన చేత్తో ఇంకొకటి రాసి పెట్టింది. ఇంట్లో ఎవరైనా నెల తప్పి ఉంటే మందు తీసుకునే ముందు మా చెవిన వేయండి, మేం ఎవరికీ చెప్పం అని. ఓనరు గొణిగాడు గానీ తీయలేదు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత తర్వాత మగవాళ్ళు కౌంటరు మీదికి వంగి, అటూ ఇటూ చూసి గుసగుసగా చెప్పడం మొదలెట్టారు. కొంతమంది దొంగసరుకు కొంటున్నట్టు మొహం పెట్టేవాళ్ళు. నవ్వొచ్చేది. ఆ ఫార్మసిస్టు పిల్ల తర్వాత గన్నవరం వైపు ఒక పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగానికి చేరిపోయింది. నేను పని మానేశాక బోర్డు ఇంకా ఉందో లేదో నాకు తెలియదు. మీరెవరైనా అలాంటిది ఒకటి పెట్టుకోండి. అట్టముక్క చాలు.

ఆ ఇంటి కోడలికి కొడుకు పుట్టాడు. బాగున్నాడు. ఆ తర్వాత రోడ్డు దాటకుండా మా షాపు ముందు నుంచే పోయేది. కనబడితే తల ఊపేది.

కానీ నేను వంటింటి వైపు తిరిగి అడిగిన మాటకి జవాబు రాలేదు. డాక్టరమ్మ చెప్పింది సరే. ఆ ఇంట్లో చెప్పాల్సిన మనిషి చెప్పిందా? అత్తగారు మనవడికని ఏదో ఒకటి కొనడానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా చిల్లర ఇస్తూ అడిగేవాణ్ణి. "అమ్మా, ఆ మాట చెప్పారా కోడలికి?" ఆవిడ వినబడనట్టే డైపర్ల ధర అడిగేది. ఒకసారి, "మీకు వేరే పని లేదా అన్నయ్యగారూ?" అంది. ఇంకోసారి పక్క షాపుకి పోయింది. ఓనరు, "ఉన్న బేరాలన్నీ మీరే పోగొట్టండి" అన్నాడు. నేను మానలేదు. ఇది మొండితనమని తెలుసు. నింద నలుగురిలో వేసి, దాన్ని తీసేయడం మాత్రం డాక్టరు మీదికి నెట్టేయడం నాకు మింగుడు పడలేదు.

నేను పని మానేసే వారంలో ఆవిడ వచ్చింది. ఏమీ కొనలేదు. అడక్కముందే తనే మొదలెట్టింది.

"చెప్పానండీ అన్నయ్యగారూ. మొన్న పిల్లాడికి టీకా వేయించుకుని వస్తుంటే ఆటోలో చెప్పాను. నీ తప్పు కాదులేవే, అన్నాను. ఇల్లొచ్చేదాకా పిల్లాడి టోపీ సర్దుతూనే ఉంది. దిగాక అడిగింది, మరి అప్పుడెందుకు అన్నారత్తయ్యా అని. ఏం చెప్పను? నా కడుపుమంట ఎవరో ఒకరి మీద పొయ్యాలి గదే, నువ్వు ఎదురుగా ఉన్నావు, అన్నాను."